పొయ్యి పక్కన ల్యాప్‌టాప్

"అమ్మా, మేమంతా బాగున్నాం. మీరెలా ఉన్నారు? నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నారా? సరే, ఉంటాను మరి!"

పిల్లలు పరాయి దేశంలో ఉన్న మీలో చాలామందికి ఈ నాలుగు ముక్కలూ కంఠతా వచ్చే ఉంటాయి. మా ఇంట్లోనూ చాలా రోజులు ఇదే తంతు. నేను ఫోన్ పెట్టెయ్యగానే "ఏమంటోందీ?" అని మావారు అడిగేవారు. "అంతా బాగున్నారట" అనేదాన్ని. "ఆ ఒక్క మాటకీ 32 రూపాయలు!" అంటూ ఆయన కేలండర్ వెనకాల రాసుకునేవారు.

మావారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు లెండి. పాలవాడి దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా ఆయన లెక్కకి అందనిది మా ఇంట్లో లేదు. 2009లో మా మొబైల్ నుంచి అమెరికాకి మాట్లాడితే నిమిషానికి 6 రూపాయల 40 పైసలు పడేది. ఐదు నిమిషాలు దాటిందంటే ఆయన గుమ్మంలో నిలబడి చేతి గడియారం చూపించేవారు. పోనీ అమ్మాయినే చెయ్యమందామా అంటే, అక్కడ అప్పట్లో చాలా ప్లాన్లలో వచ్చిన ఫోన్‌కి కూడా నిమిషాలు తరిగిపోయేవి. అటు చేసినా ఖర్చే, ఇటు చేసినా ఖర్చే!

ఆ నవంబరులో మా అమ్మాయి మిచిగన్‌లో పురుడు పోసుకుంది. ఆడపిల్ల. ఒక్కగానొక్క కూతురి తొలి పురుడు, నేను పక్కన లేను. మా అత్తయ్యగారికి ఆ వేసవిలోనే పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. అన్నీ మంచం మీదే. ఆవిణ్ణి వదిలి నెలల తరబడి ఎక్కడికి వెళ్ళను? మా వియ్యపురాలు వెళ్ళి ఆరు వారాలు చూసుకున్నారు. నేను తెనాలిలో కూర్చుని "కాయం తిన్నావా? చెవుల్లో దూది పెట్టుకున్నావా? చన్నీళ్ళలో చెయ్యి పెట్టడం లేదు కదా?" అని ఫోన్లో అడగడం తప్ప చేసిందేమీ లేదు. ఆ నెల బిల్లు 2,300 రూపాయలు. మాస్టారు నోరు మెదపలేదు గానీ, ఆ బిల్లు మాత్రం నాకు కనపడేటట్టు ఫ్రిజ్ మీద పెట్టారు.

మరి అన్ని రూపాయలకీ నేను తెలుసుకున్నదేమిటి? అంతా బాగున్నారని!

నిజం చెప్పొద్దూ, ఆ మాట చెప్పడం మా అమ్మాయికి నేర్పింది నేనే. మీకు గుర్తుండే ఉంటుంది, పసుపు రంగు బోర్డు పెట్టిన ఎస్టీడీ బూత్‌లు. రాత్రి పదకొండు దాటితే పావు రేటని పిల్లని చంకనేసుకుని వెళ్ళి వరసలో నిలబడేవాళ్ళం. అద్దాల గదిలో మన కళ్ళెదురుగా ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతుండేవి. అటుపక్క అమ్మ ఏం చెబుతోందో చెవికెక్కేది కాదు, చూపంతా ఆ అంకెల మీదే. ఒక ఏడాది మావారికి పచ్చకామెర్లు వచ్చి నెల రోజులు మంచాన పడ్డారు. ఆ నెలలో మా అమ్మకి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ "అంతా కులాసా" అనే చెప్పాను. తర్వాతెప్పుడో ఎవరి నోటి ద్వారానో తెలిసి అమ్మ ఎంత ఏడ్చిందో! "నాకు చెప్పుకోకూడనంత పరాయిదాన్నయ్యానటే?" అంది. "మీటరు తిరుగుతుంటే ఏం చెప్పనమ్మా?" అన్నాను నేను. అదేదో తప్పించుకోవడానికి అన్న మాట కాదు. మంచి కబురు చెప్పడానికి మూడు నిమిషాలు చాలు. కష్టం చెప్పుకోవాలంటే ముందు కాసేపు ఊరికే కూర్చోవాలి. బూత్‌లో ఊరికే కూర్చోవడానికి ఎక్కడ కుదురుతుంది?

సరే, డిసెంబరులో మా అల్లుడి స్నేహితుడెవరో ఇండియా వస్తూ ఒక పాత ల్యాప్‌టాప్ తెచ్చి ఇచ్చాడు. "అత్తయ్యగారూ, ఇకమీదట మొబైల్ ముట్టుకోకండి. దీంట్లోంచే మాట్లాడుకుందాం" అన్నాడు మా అల్లుడు. ల్యాండ్‌లైన్ మీద నెలకి 500 రూపాయల బ్రాడ్‌బ్యాండ్ తీసుకున్నాం. పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాడు వచ్చి స్కైప్ ఎక్కించాడు. 2003లో ఒక స్వీడన్ దేశస్థుడూ ఒక డెన్మార్క్ దేశస్థుడూ కలిసి మొదలెట్టారట, లోపలి పనంతా ఎస్టోనియా అనే చిన్న దేశపు కుర్రాళ్ళు చేశారట. మావారికి ఆ చరిత్రంతా అక్కర్లేదు. "ఉచితమంటున్నావు, ఇది చట్టానికి విరుద్ధం కాదు కదా?" అని అడిగారు. "కాదు మాస్టారూ, 2002 ఏప్రిల్ 1 నుంచే మన దేశంలో దీనికి అనుమతి ఉంది" అన్నాడా అబ్బాయి. "ఏప్రిల్ ఒకటా!" అని ఈయన అనుమానంగా చూశారు.

అసలు ఇది ఉచితంగా ఎలా వస్తుందో నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. ఆ అబ్బాయి చెప్పినదాన్ని నేను నా వంటింటి భాషలో చెబుతాను, మీరూ వినండి.

పాత పద్ధతి ఫోన్లో మనం మాట్లాడినంతసేపూ ఇక్కణ్ణించి అక్కడిదాకా ఒక దారి మొత్తం మనకోసమే అట్టే పెట్టేవారు. మనం మాట్లాడినా, మౌనంగా ఉన్నా ఆ దారి ఇంకొకరికి ఇవ్వరు. అందుకే నిమిషానికింత, దూరానికింత అని వసూలు చేసేవారు. ఇంటర్నెట్‌లో అలా కాదు. మన మాటని బెండకాయ తరిగినట్టు చిన్న చిన్న ముక్కలుగా తరుగుతుంది. సెకనుకి సుమారు 50 ముక్కలు! ప్రతి ముక్క మీదా చిరునామా రాసి, అందరి ఉత్తరాలూ బొమ్మలూ వెళ్ళే దారిలోనే పంపేస్తుంది. అటువైపు కంప్యూటరు వాటిని మళ్ళీ వరసలో పేర్చి వినిపిస్తుంది. ఆలస్యంగా వచ్చిన ముక్కని పారేస్తుంది. మాట తెగిపోయేదీ, గొంతు గరగరలాడేదీ అందుకే. దారి అందరిదీ కాబట్టి మన ఒక్కరి దగ్గరా నిమిషాల లెక్క అడగరు. నెలకి కట్టే ఇంటర్నెట్ డబ్బులే ఖర్చు.

అటుపక్క కూడా కంప్యూటరే అయితే పైసా లేదు. అటుపక్క మామూలు ఫోనయితే ముందుగా కొంత సొమ్ము కట్టుకోవాలి. అమెరికా ఫోన్‌కి అప్పట్లో నిమిషానికి రెండు సెంట్ల పైచిలుకు, అంటే మన డబ్బుల్లో రూపాయి, రూపాయిన్నర లోపు. 6.40 ఎక్కడ, ఇదెక్కడ! మావారి మొహం వెలిగిపోయింది.

ఆ వెలుగు నెల రోజులే. మా ప్లాన్‌లో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత వాడుకున్నా లెక్కలేదు. మిగతా వేళల్లో మాత్రం నెలకి రెండున్నర జీబీ. అది దాటితే ప్రతి ఎంబీకీ 80 పైసలు. ఉత్త మాటే అయితే గంటకి రెండు వైపులా కలిపి 30, 40 ఎంబీ కంటే ఎక్కువవదు. కానీ బొమ్మ పెడితే దానికి ఎన్నో రెట్లు. ఈ సంగతి మాకు తెలియదు కదా! పాపని చూడ్డానికి మా వీధి వీధంతా వచ్చారు. ఎదురింటి పిన్నిగారు, పాలబ్బాయి భార్య, మా ఆడపడుచు పిల్లలు... ఆదివారాలు పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే పదకొండు దాకా బొమ్మ ఆపలేదు. ఆ నెల బిల్లు 1,900! "500కి బదులు 1,900. మొబైల్ మిగిల్చిన దాంట్లో చాలా భాగం ఇది మింగేసింది" అని మాస్టారు కేలండర్ వెనకాల తీసివేత చేసి చూపించారు. తప్పు ఎవరిదో కాదు, మాదే. ప్లాన్ కాగితం చదవకుండా పెట్టెలో పెట్టాం.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. మనకి తెల్లవారుజామున ఐదున్నర అంటే చలికాలంలో అక్కడ ముందురోజు రాత్రి ఏడు. మనకి లెక్కలేని వేళ, దానికి వంట చేసుకునే వేళ. రెండూ కలిసొచ్చాయి. నేను లేచి మొహం కడుక్కుని, పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పడేసి, ల్యాప్‌టాప్ తెరిచి గట్టు మీద పెట్టేదాన్ని. అటు అమ్మాయి కూడా తన వంటింటి బల్ల మీద పెట్టుకునేది. ఏడున్నర దాకా రెండు వంటిళ్ళూ ఒకటే.

మొదట్లో ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచేది కాదు! ఐదు నిమిషాల్లో చెప్పుకోవడం అలవాటైపోయింది కదా. "ఇంకేంటమ్మా?" అనేది. "ఇంకేముంది, నువ్వే చెప్పు" అనేదాన్ని. తర్వాత్తర్వాత ఆ అడగడం కూడా మానేశాం. దాని పని అది, నా పని నేను. మధ్యలో ఎప్పుడో "అమ్మా, పులుసులో బెల్లం ఎప్పుడెయ్యాలి?" అని వినపడేది. నాకు దాని ఇంటి చప్పుళ్ళన్నీ తెలిసిపోయాయి. గిన్నెలు కడిగే మిషన్ ఎప్పుడు తిరుగుతుందో, అల్లుడు కారు షెడ్డు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో, పాప ఆకలి ఏడుపేదో నిద్ర ఏడుపేదో.

సంక్రాంతి వెళ్ళిన వారం. వియ్యపురాలు అప్పటికే తిరిగి వచ్చేశారు. అల్లుడు ఆఫీసునుంచి ఇంకా రాలేదు. నేను నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ల్యాప్‌టాప్‌లోంచి పాప ఏడుపు వినపడింది. ఆకలి ఏడుపే. పాలు కలుపుతోంది కాబోలనుకున్నాను. చిక్కుడుకాయలు సగం అయ్యాయి. ఏడుపు ఆగలేదు. అడుగుల చప్పుడు లేదు, గిన్నె చప్పుడు లేదు. లేచి చూశాను. తెరలో మా అమ్మాయి బల్ల ముందు కుర్చీలోనే ఉంది. గోడకేసి చూస్తోంది.

"అమ్మడూ, పాప ఏడుస్తోందే" అన్నాను.

"ఊఁ" అంది. లేవలేదు.

నా నోటిదాకా వచ్చిన మాటలేమిటో మీకు దాచకుండా చెబుతాను. "అదేంటే, పసిదాన్ని అలా ఏడిపిస్తారా? లే, లే! ఏ దిష్టో తగిలుంటుంది, ఉప్పూ మిరపకాయలూ తిప్పెయ్." పాత ఫోనయితే అదే అనేసి, "జాగ్రత్తమ్మా, ఉంటాను" అని పెట్టేసేదాన్ని. ఆ రోజు గడియారం ఎవరూ చూపించడం లేదు. పొయ్యి ఆపేసి, పీట లాక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఏమీ అడగలేదు. కాసేపటికి అది లేచి వెళ్ళి పాపని ఎత్తుకొచ్చి పాలు పట్టింది. పాప నిద్రపోయింది. అప్పుడు దాని గొంతు వచ్చింది.

"అమ్మా... దీన్ని చూస్తే నాకేమీ అనిపించడం లేదమ్మా. అందరూ ముద్దొస్తోందంటారు. నాకు ఏమీ లేదు. రాత్రిళ్ళు అది నిద్రపోయినా నాకు పట్టడం లేదు. నేను తల్లినేనా అసలు?"

ఎన్నాళ్ళనుంచి అని అడిగితే, ఐదారు వారాలనుంచట! అంటే మా వియ్యపురాలు ఆ ఇంట్లో ఉన్నప్పుడే, నేను 2,300 రూపాయలు పోసి "కాయం తిన్నావా?" అని అడుగుతున్నప్పుడే. ఆ మాటలన్నిటికీ అది "తిన్నానమ్మా, బాగున్నానమ్మా" అనే జవాబిచ్చింది. నేను మా అమ్మకి చెప్పినట్టే.

ఆ రోజు ఏడున్నర కాదు, పదింటి దాకా మాట్లాడుకున్నాం. లెక్కలోకి వచ్చే వేళ దాటిపోయిందని మాస్టారికి తెలుసు. ఆయన వచ్చి ఏమీ అనకుండా నాకు కాఫీ గ్లాసు అందించి, మిగిలిన చిక్కుడుకాయలు తానే ఒలిచారు.

అల్లుడి ఫోన్‌కి ల్యాప్‌టాప్ నుంచే చేసి చెప్పాను. "బాబూ, దీన్ని మొండితనమనుకోకు, ఒంటరిగా వదిలెయ్యకు" అన్నాను. "అలసట అనుకున్నానండీ అత్తయ్యగారూ" అని అతను బాధపడ్డాడు. మా ఊళ్ళో లేడీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి అడిగాను. "పురుడయ్యాక పది పదిహేను రోజులు దిగులుగా ఉండటం చాలామందికి మామూలే, దానంతట అదే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా తగ్గలేదంటే అది జబ్బు. జ్వరం లాంటిదే. మందుంది. వెంటనే అక్కడి డాక్టరుకి చెప్పమనండి" అన్నారావిడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కాన్పయిన ఆడవాళ్ళలో నూటికి 13 మందికి ఇలాంటి మానసిక బాధ వస్తోంది, అందులో ఎక్కువ ఈ దిగులేనట. మన కాలంలో దానికి పేరు కూడా లేదు. "బాలింత మొహం అలాగే ఉంటుంది" అనేసి ఊరుకునేవారు.

అక్కడి డాక్టరమ్మ పది ప్రశ్నల కాగితం ఇచ్చి నింపమందట. మందులు రాసింది, వారానికొకసారి కూర్చోబెట్టి మాట్లాడింది. నేను చేసిన వైద్యం ఒక్కటే, ల్యాప్‌టాప్ మూయకపోవడం. పొద్దున ఐదున్నరకే కాదు, దానికి నిద్రపట్టని రాత్రిళ్ళు, అంటే మనకి మధ్యాహ్నం వేళ కూడా తెరిచే ఉంచాను. బొమ్మ తీసేసి మాట ఒక్కటే. "పడుకో, నేనిక్కడే ఉన్నా" అని నేను బియ్యంలో రాళ్ళేరుకుంటూ కూర్చునేదాన్ని. వేసవికి మా అమ్మాయి మామూలు మనిషయింది. పాప ఏదో చేస్తే పగలబడి నవ్విన రోజు నేను ఇవతల చెయ్యి కాల్చుకున్నాను. అయినా పట్టించుకోలేదు.

మరి నేనేమైనా తక్కువ తిన్నానా? నేనూ దాచేదాన్నే. "నానమ్మ బాగానే ఉంది" అని దానికెప్పుడూ చెప్పేదాన్ని. ల్యాప్‌టాప్ వచ్చాక ఆవిడ మూలుగు, నేను పక్కబట్టలు మార్చే చప్పుడు, రాత్రంతా నిద్రలేక నేను విసుక్కునే విసుగు అన్నీ దానికి వినపడిపోయాయి. "అమ్మా, నీకు నడుం నొప్పిగా ఉందని నాకెందుకు చెప్పలేదు? పగటిపూట ఒక మనిషిని పెట్టుకో, నేను పంపిస్తాను డబ్బులు" అంది. వద్దంటే ఊరుకోలేదు. అలా మనిషి దొరికింది, నా నడుం బతికింది.

అత్తయ్యగారికి కూడా ఆ పెట్టె మీద మోజు పుట్టింది. బల్లకి అంటుకుపోయిన కంప్యూటరయితే ఆవిడ మంచం దాకా ఎలా వచ్చేది? ల్యాప్‌టాప్ కాబట్టి దిండు మీద పెట్టి మునిమనవరాల్ని చూపించేదాన్ని. అమెరికా చాలా దూరం కదా అని ఆవిడ వీధి చివరికి వినపడేట్టు కేకేసేవారు. "నెమ్మదిగా అత్తయ్యా, వినపడుతుంది" అంటే, "నీకేం తెలుసే అమ్మాయ్, సముద్రం దాటాలి మాట!" అనేవారు. ఆవిడ 2012లో పోయారు. ఆ తర్వాతే నేను మిచిగన్ వెళ్ళాను. ఆ వంటింట్లో అడుగు పెడితే కొత్తగా ఏమీ అనిపించలేదు. ఏ గిన్నె ఎక్కడుందో నాకు చప్పుడు బట్టి ముందే తెలుసు.

ఇదంతా పాత కథ కదా, ఇప్పుడెందుకూ అంటారా? నిజమే. 2015లో వాట్సాప్‌లో మాట్లాడుకోవడం, 2016లో బొమ్మ చూసుకోవడం వచ్చేశాయి. అదే ఏడు సెప్టెంబరులో జియో వచ్చాక మన దేశంలో మాటకి నిమిషాల లెక్కే దాదాపు పోయింది. స్కైప్‌ని 2025 మే 5న మూసేశారు. ఆ వార్త చూసి మావారు "మనకి మొత్తం ఎంత మిగిల్చిందో లెక్కేశాను తెలుసా!" అని పాత కేలండర్లు తీశారు. నేను వినలేదు.

కానీ ఒకటి గమనించాను. మాట ఉచితమైపోయింది గానీ మళ్ళీ ఐదు నిమిషాల్లోకే వచ్చేశాం! పిల్లలు కారు నడుపుతూ చేస్తారు, సరుకుల కొట్లో నిలబడి చేస్తారు. "అమ్మా, బాగున్నారా? సిగ్నల్ పడింది, ఉంటాను!" ఇప్పుడు మీటరు లేదు, తీరిక లేదు. అందుకే మా ఇంట్లో వారానికి రెండు పొద్దుటిపూటలు ఇప్పటికీ ల్యాప్‌టాప్‌వే. ఫోన్ అయితే చేతిలో పట్టుకోవాలి, పని ఆగిపోతుంది, మొహాలు చూసుకుంటూ ఏదో ఒకటి మాట్లాడాల్సి వస్తుంది. ల్యాప్‌టాప్ అయితే గట్టు మీద పెట్టి మరిచిపోవచ్చు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే కొన్ని సంగతులు చెబుతాను. నా చెయ్యి కాలాక తెలుసుకున్నవే.

ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ ఎక్కించుకుని, మీ ఫోన్లోని వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' అనే చోటికి వెళ్ళి తెర మీది గళ్ళ బొమ్మని ఫోన్‌కి చూపిస్తే చాలు, అక్కణ్ణించే మాట్లాడొచ్చు. గూగుల్ మీట్‌లో ఇద్దరే మాట్లాడుకుంటే గంటల తరబడి మాట్లాడుకున్నా డబ్బు అడగదు.

మన మాట మనకే తిరిగి వినపడుతుంటే, అవతలివాళ్ళ స్పీకరు మోత వాళ్ళ మైకులోకి దూరుతోందన్నమాట. వాళ్ళని ఇయర్‌ఫోన్లు పెట్టుకోమనండి, పోతుంది. మాట తెగుతుంటే ముందు బొమ్మ ఆపెయ్యండి. ఇంట్లో ఎవరైనా అదే ఇంటర్నెట్ మీద సినిమా చూస్తున్నారేమో కనుక్కోండి.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ ఇంటర్నెట్ పెట్టె ఆగిపోతుంది. దానికి చిన్న యూపీఎస్ పెట్టించుకోండి. పొయ్యికి ఒక మూర దూరంలో, పోపు చిట్లని చోట పెట్టండి. మా మొదటి ల్యాప్‌టాప్ మీటల్లో ఇప్పటికీ ఆవాలున్నాయి!

మీ వాళ్ళు గల్ఫ్ దేశాల్లో ఉంటే ఏ యాప్‌కి అక్కడ అనుమతి ఉందో ముందు వాళ్ళనే అడగండి. అన్ని దేశాల్లో ఒకే నిబంధన లేదు. సౌదీలో ఇలాంటి మాటల మీద ఉన్న అడ్డు 2017లో తీశారు.

ముక్కూ మొహం తెలియనివాళ్ళు వీడియోలో పోలీసు దుస్తుల్లో కనపడి "మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం" అంటే కంగారు పడకండి. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. వెంటనే కట్టేసి 1930కి ఫోన్ చెయ్యండి. ఇంట్లో ఎంత మంచి ఇంటర్నెట్ ఉన్నా మామూలు ఫోన్‌ని వదులుకోవద్దు. ఆపదలో 112 నొక్కాలంటే అదే దిక్కు.

ఇంకొకటి. మీ ఇంట్లో బాలింత గానీ, మరెవరైనా గానీ దిగులుతో మాట తగ్గించేస్తే, మన ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మా మనవరాలికి ఇప్పుడు పదిహేనేళ్ళు దాటాయి. మొన్న పొద్దున అదే ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. తెలుగు వస్తుంది గానీ కొంచెం నత్తినత్తిగా. "ఏమ్మా, ఏమైనా చెప్పాలా?" అన్నాను. "లేదు అమ్మమ్మా. హోంవర్క్ చేసుకుంటా. నువ్వు నీ పని చేసుకో" అంది. నేను దోసెపిండి కలుపుకుంటూ ఉండిపోయాను. ముప్పావు గంట గడిచింది. అప్పుడంది, "అమ్మమ్మా, స్కూల్లో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. అమ్మకి చెప్పకు." నేను పొయ్యి ఆపేసి పీట లాక్కున్నాను.

దాని కథ ఇంకా నడుస్తోంది, అది మీకు చెప్పను. చెప్పనని దానికి మాటిచ్చాను. "మీ అమ్మకి నువ్వే చెప్పు, నేను పక్కనే ఉంటాను" అని మాత్రం అన్నాను. మర్నాడు తల్లీ కూతుళ్ళిద్దరూ ఆ బల్ల ముందు కూర్చున్నారు. నేను ఇవతల పీట మీద.

ఈసారి మీ వాళ్ళు ఫోన్ చేసి "అంతా బాగున్నాం" అన్నారనుకోండి, నమ్మండి, తప్పులేదు. కానీ "తీరికున్నప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి ఊరికే అలా పెట్టమ్మా, నా వంట నేను చేసుకుంటాను" అని ఒక్కసారి అడిగి చూడండి. ఖర్చేమీ లేదు కదా!